ఫోన్లో మర్యాదగా మాట్లాడినవాడు గదిలో ఎలా ఉంటాడో ముందే తెలిసేదెలా?

ప్రశ్న: అక్కా, నాకు 33 ఏళ్లు. మాది గుంటూరు దగ్గర ఒక ఊరు. మా ఆయన వదిలేసి వెళ్లి ఐదేళ్లయింది. పాప తొమ్మిది, బాబు ఆరు చదువుతున్నారు. పగలు బట్టల షాపులో చేస్తాను. ఆ జీతం అద్దెకీ ఫీజులకీ చాలక, నెలలో కొన్నిసార్లు విజయవాడ వెళ్లి, డబ్బు తీసుకుని మగవాళ్లతో గడిపే ఈ పని చేస్తున్నాను. ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇదివరకు ఒకావిడ ద్వారా వెళ్లేదాన్ని, వచ్చినదాంట్లో సగం ఆమే ఉంచుకునేది. అందుకని ఏడాదిగా నేనే ఫోన్లో మాట్లాడుకుని వెళ్తున్నా. మూడు వారాల కింద ఒకతను ‘అండీ, అండీ’ అంటూ ఎంతో మర్యాదగా మాట్లాడాడు. తీరా లాడ్జికి వెళ్తే గదిలో ఇంకో ఇద్దరున్నారు. ఒకడు గడియ పెట్టబోతుంటే తోసుకుని బయటపడ్డాను. హ్యాండ్‌బ్యాగ్ అక్కడే ఉండిపోయింది. అందులో నాలుగు వేలు, నా ఆధార్ కార్డు ఉన్నాయి. ఇప్పుడు ‘మేం పోలీసులం, నీ అడ్రస్ తెలుసు, ఇరవై వేలు పంపకపోతే మీ వీధిలో చెప్తాం’ అని మెసేజ్‌లు పెడుతున్నారు. ఇంకో సంగతి. ఇదే పని చేసే నా స్నేహితురాలు, ఇద్దరం కలిసి ఒక ఇల్లు తీసుకుందాం, ఒకరికొకరం తోడుంటాం అంటోంది. అది మంచిదేనా? వచ్చేవాడు మంచివాడో కాదో ముందే కనిపెట్టే దారి ఉందా? మానేయమని మాత్రం రాయకండి. ఆ మాట నాకు నేనే రోజూ చెప్పుకుంటున్నాను.
(పేరు రాయలేదు)

జవాబు: మానేయమని రాయను. ముందు ఆ మెసేజ్‌ల సంగతి చూద్దాం.

ఇరవై వేలు కాదు కదా, ఇరవై రూపాయలు కూడా పంపకండి. బెదిరిస్తే మీ దగ్గర డబ్బు పుడుతుందని ఒకసారి తెలిసిందంటే ప్రతి నెలా అడుగుతారు. నంబరు వెంటనే బ్లాక్ చేయాలనిపిస్తుంది, కానీ కాస్త ఆగండి. అతని నంబరు, తేదీ, టైము కనపడేలా ప్రతి మెసేజ్‌కీ స్క్రీన్‌షాట్ తీసి, మీ ఫోన్లోనే కాకుండా ఈమెయిల్లోనో మీ స్నేహితురాలి దగ్గరో ఇంకో కాపీ ఉంచండి. వాళ్లు తర్వాత డిలీట్ చేసినా మీ దగ్గర ఉంటాయి. జవాబు మాత్రం ఇవ్వొద్దు. తిట్టొద్దు, బతిమాలొద్దు. అన్నీ దాచాక బ్లాక్ చేయండి.

తర్వాత 15100కి ఫోన్ చేయండి. అది న్యాయ సేవాధికార సంస్థ నంబరు. ఆదాయంతో సంబంధం లేకుండా ఏ మహిళకైనా ఉచితంగా లాయరును ఇవ్వాలని 1987 నాటి చట్టంలోనే ఉంది. గుంటూరు కోర్టు ఆవరణలో ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు నేరుగా వెళ్లినా సరే. స్టేషన్‌కి ఒంటరిగా వెళ్లడం కంటే ఆ లాయరుతో వెళ్లడం మేలు. బెదిరించి డబ్బు గుంజాలని చూడటం భారతీయ న్యాయ సంహితలో 308వ సెక్షన్ కింద నేరం. పోలీసు కాకుండానే పోలీసునని చెప్పుకుని దబాయించడం 204 కింద ఇంకో నేరం. నిజంగానే పోలీసు అయితే ఇలా డబ్బు అడగడం మరీ పెద్ద నేరం. మెసేజ్‌ల బెదిరింపు కాబట్టి 1930 సైబర్ నంబరుకూ ఫిర్యాదు చేయొచ్చు. ‘లాడ్జికి ఎందుకెళ్లావు’ అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. కట్టుకథ చెప్పకండి. ఒక్క అబద్ధం బయటపడినా కేసంతా నీరుగారిపోతుంది. ఎంత చెప్పాలో, ఎలా చెప్పాలో లాయరుతో ముందే కూర్చుని మాట్లాడుకోండి.

ఆధార్ విషయం. ఇకమీదట కార్డు బ్యాగులో వేసుకుని వెళ్లకండి. ప్రభుత్వ యాప్ డిజిలాకర్‌లో పెట్టుకుంటే రిసెప్షన్‌లో ఫోన్లోనే చూపించవచ్చు. బ్యాగు పోయినా ఫోన్ ఒంటి మీద ఉంటుంది కదా. మీ పేరు మీద తెలియని సిమ్‌లు ఏవైనా తీశారేమో సంచార్ సాథీ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఒకసారి చూసుకోండి.

ఇక మీ అసలు ప్రశ్న. మంచివాడో కాదో ఫోన్లో కనిపెట్టగలమా? లేదు. మీరే రాశారు, అతను ‘అండీ’ అన్నాడని. ఫోన్లో మర్యాదకి ఖర్చేముంది? అందుకని మనిషి గుణం కనిపెట్టే ప్రయత్నం మానేసి, మీరు ఒకటి కాదంటే అతను ఏం చేస్తాడో చూడండి. ఇది ఫోన్లో కూడా తెలుస్తుంది. హెచ్‌ఐవీ నివారణ ప్రాజెక్టుల్లో పనిచేసిన రోజుల్లో, ఏళ్ల తరబడి ఈ పని చేసినవాళ్ల నోట నేను మళ్లీ మళ్లీ విన్నది ఇదే.

అంటే ఎలాగంటే, ముందుగా మెసేజ్‌లతో సరిపెట్టకుండా ఫోన్ చేసి మాట్లాడమనండి. చేయనన్నాడా, అక్కడితో సరి. మాట్లాడినప్పుడు అతని వెనక ఏం వినపడుతోందో వినండి. పక్కన ఇంకెవరో నవ్వుతున్నారా, ఏం మాట్లాడాలో అందిస్తున్నారా, మాట ముద్దగా వస్తోందా. నా నంబరు ఎవరిచ్చారని అడగండి. చెప్పిన పేరు నిజమో కాదో మీరు ఆ మనిషికి ఫోన్ చేసి కనుక్కోవచ్చు. తర్వాత కావాలనే చిన్న మార్పు ఒకటి పెట్టండి: ‘ఆరింటికి కుదరదండీ, ఏడింటికి’ అనో, ‘ఆ లాడ్జి వద్దు, ఫలానాది అయితే వస్తా’ అనో. సరేనంటాడు, లేదా కుదరదంటాడు, రెండూ మామూలే. విసుక్కుని, ‘డబ్బిచ్చేది నేను, చెప్పినచోటికి రా’ అన్నాడనుకోండి, గదిలో గడియ పడ్డాక వినాల్సిన మాట ముందే వినిపించినట్టు. అలాంటివాడికి ఒంట్లో బాగోలేదని చెప్పి పెట్టేయండి. కారణాలు చెప్పి గొడవ పెట్టుకోవద్దు, మీ నంబరు అతని దగ్గరే ఉంటుంది.

రేటు గురించి బేరమాడటం ప్రమాద సూచనేమీ కాదు, మన జనం కొత్తిమీర కట్టకీ బేరమాడతారు. కండోమ్ గురించి బేరమాడేవాడే వేరు. ‘ఐదొందలు ఎక్కువిస్తా, అది వద్దు’ అన్నవాడు మీరు కాదన్నాక ఊరుకుంటాడన్న నమ్మకం ఏమీ లేదు. మీరు అడిగినదానికి రెండింతలు ఇస్తాననేవాడినీ అనుమానించండి. ‘మా ఫ్రెండ్ కూడా ఉంటాడు, ఊరికే కూర్చుంటాడు’ అనేవాడి గురించి మీకు చెప్పక్కర్లేదు.

అతని నంబరు ఇంకో పని కూడా చేసిపెడుతుంది. దాన్ని ఫోన్‌పేలోనో గూగుల్ పేలోనో కొట్టి చూస్తే బ్యాంకు ఖాతాలో ఉన్న పేరు వస్తుంది. ట్రూకాలర్‌లో జనం అతన్ని ఏమని సేవ్ చేసుకున్నారో కనపడుతుంది. రాజేష్ అన్నవాడు అక్కడ ఇంకో పేరుతో ఉన్నాడనుకోండి, అదొక్కటే చూసి భయపడక్కర్లేదు, ఇంట్లో తెలుస్తుందని పేరు మార్చి చెప్పేవాళ్లు చాలామంది. అడిగితే ఏం చెప్తాడన్నది ముఖ్యం. అయితే ఈ అద్దంలో మీరూ కనపడతారు. అతను మీ నంబరుకి యూపీఐలో డబ్బు కొడితే మీ అసలు పేరు అతని తెరమీద వస్తుంది. కాబట్టి ఈ పనికి వాడే సిమ్ వేరుగా ఉండాలి, దానికి బ్యాంకు ఖాతా ముడిపెట్టకూడదు, వాట్సాప్‌లో మీ ముఖమో పిల్లల ఫొటోనో ఉండకూడదు. డబ్బు చేతికి తీసుకోండి, ముందే తీసుకోండి. ‘కొట్టేశా, చూడు’ అని స్క్రీన్‌షాట్ చూపిస్తే నమ్మకండి, దొంగ స్క్రీన్‌షాట్ తయారుచేయడం చిటికెలో పని. అడ్వాన్సు కావాలంటే పిన్ నొక్కు, క్యూఆర్ స్కాన్ చెయ్యి అంటారు. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు.

ఆ ఒకావిడ సగం తీసుకునేదని రాశారు. సగం అన్యాయమే, కాదనను. కానీ ఆ సగంలో ఒక సరుకు ఉంది, అది మీకు ఇప్పుడు లేదు. ఎవడు కొడతాడు, ఎవడు డబ్బు ఎగ్గొడతాడు, ఎవడు ఒక్కడినని చెప్పి ముగ్గురితో వస్తాడు, ఇదంతా ఆవిడ బుర్రలో ఉండేది. మీరు సొంతంగా మొదలుపెట్టినప్పుడు కమిషన్‌తో పాటు ఆ జ్ఞాపకమూ పోయింది. దాన్ని కమిషన్ లేకుండా తిరిగి సంపాదించుకోవచ్చు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో ఈ పని చేసే ఆడవాళ్లు 1986లోనే, తమను ఇబ్బంది పెట్టినవాళ్ల వివరాలు రాసి ఒకరికొకరు అందించుకోవడం మొదలుపెట్టారు. తర్వాత చాలా దేశాల్లో అదే పద్ధతి వచ్చింది. మీకు అంత పెద్ద ఏర్పాటు అక్కర్లేదు. నమ్మకమైన నలుగురు చాలు. నంబరు, బండి నంబరు, మనిషి పోలిక, ఏ లాడ్జి, ఏం చేశాడు, ఇంతవరకే రాసుకోండి. ఫొటోలు వద్దు, ఫేస్‌బుక్‌లో పెట్టడం అసలే వద్దు. అలా చేస్తే మీరెవరో కూడా బయటపడుతుంది. మీ మూడు వారాల కిందటి మనిషితోనే ఆ జాబితా మొదలుపెట్టండి. అతను ఈపాటికి ఇంకెవరికో ‘అండీ’ అంటూ ఉంటాడు.

నలుగురు ఎక్కడ దొరుకుతారంటారా? ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కింద పనిచేసే స్వచ్ఛంద సంస్థల్లో పీర్ ఎడ్యుకేటర్లని ఉంటారు. వాళ్లలో చాలామంది ఇదే పనిలో ఉన్నవాళ్లు, లేదా ఉండి వచ్చినవాళ్లు. ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేసి మీకు దగ్గర్లో ఏ సంస్థ ఉందో అడగండి. ఊళ్లో తెలిసిపోతుందని భయమైతే విజయవాడలో నమోదు చేసుకోండి.

లాడ్జికి వెళ్లే రోజు సంగతి. మీ స్నేహితురాలితో కలిసి ఇల్లు తీసుకోవడం కంటే ఆమెను ఫోన్ దగ్గర కాపలాగా ఉంచుకోవడం ఎక్కువ ఉపయోగం. వెళ్లే ముందు లాడ్జి పేరు, గది నంబరు, కస్టమర్ నంబరు ఆమెకి పంపండి. వాట్సాప్ లైవ్ లొకేషన్ 8 గంటల వరకు పెట్టుకోవచ్చు. లాడ్జి రిసెప్షన్ ఫోన్ నంబరు ముందే తీసి ఆమెకివ్వండి, ఇది చాలామంది మరిచిపోతారు. మీరు గదిలోకి వెళ్లిన పది నిమిషాలకి ఆమె ఫోన్ చేయాలి, మీరు అతని ముందే ఎత్తాలి. ‘పాలు తోడుపెట్టావా’ అని మీరంటే అంతా బాగానే ఉందని. ‘గ్యాస్ బండ వచ్చిందా’ అంటే బాగోలేదని. ఎత్తకపోతే కూడా బాగోలేదనే లెక్క. అప్పుడామె మొదట రిసెప్షన్‌కి ఫోన్ చేసి, ‘ఫలానా గదిలో మా అక్క ఉంది, ఇంట్లో ఒకరికి సీరియస్‌గా ఉంది, తలుపు కొట్టండి’ అనాలి. లాడ్జివాళ్లకి మీ మీద ప్రేమ ఉండక్కర్లేదు, తమ లాడ్జిలో గొడవ జరగకూడదన్న భయం ఉంటే చాలు, వచ్చి తలుపు కొడతారు. ఐదు నిమిషాల్లో మీ గొంతు వినపడకపోతే పోలీసుల అత్యవసర నంబరు 112కి చేయాలి. మీరు చెప్పిన టైముకి బయటికి రాకపోయినా ఇదే వరస. ఇదంతా ముందే మాట్లాడుకుని ఉండాలి. అప్పటికప్పుడు ఆలోచించాల్సి వస్తే ఎవరికైనా చేతులాడవు.

ఆ ఫోన్ ఇంకో మేలు కూడా చేస్తుంది. మీరెక్కడున్నారో ఇంకొకరికి తెలుసని అతనికి అర్థమవుతుంది. 

మొదటిసారి కలిసేవాడైతే తిన్నగా గదికి వెళ్లకండి. ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గరకో కిందకో రమ్మని, మీరు దూరం నుంచి చూడండి. ఒక్కడేనా, కారులో ఇంకెవరైనా ఉన్నారా. నచ్చకపోతే కనపడకుండానే తిరిగి వచ్చేయండి. గది తలుపు తీశాక గుమ్మంలోనే నిలబడి, బాత్రూమ్ తలుపు తెరిచి ఉందా, మంచం పక్కన ఎన్ని జతల చెప్పులున్నాయి చూడండి. మెళ్లో గొలుసు, చున్నీ ఉంచుకోకండి, రెండూ గొంతుకి పట్టు దొరికేవే. మీ నీళ్లు మీరు తెచ్చుకోండి. అతని ఫోన్ బల్ల మీద, కెమెరా కిందికి ఉండాలని చెప్పండి. కాదంటే అది కూడా ఒక జవాబే. అతని కారులో ఊరి బయటికి వెళ్లడం మాత్రం ఎంత ఇస్తానన్నా ఒప్పుకోవద్దు. గదికి రిసెప్షన్ ఉంటుంది, పక్క గదులుంటాయి. రింగ్ రోడ్డు మీద కారుకి ఏమీ ఉండవు. పాతవాళ్లతో కూడా స్నేహితురాలి ఫోన్ మానేయకండి.

ఇప్పుడు ఇద్దరూ కలిసి ఇల్లు తీసుకోవడం గురించి. తోడు ఉంటే క్షేమమన్న మీ స్నేహితురాలి మాట నూటికి నూరుపాళ్లు నిజం. చట్టం మాత్రం సరిగ్గా దానికే అడ్డుపడుతుంది. 1956 నాటి వ్యభిచార నిరోధక చట్టంలో ఒక ఆడమనిషి తనంతట తాను ఈ పని చేయడమే నేరం అని లేదు. బహిరంగంగా కస్టమర్లను పిలవడం నేరం. గుడి, బడి, హాస్టల్, ఆసుపత్రి లాంటివాటికి 200 మీటర్ల లోపు చేయడం నేరం, ఇందులో వచ్చిన మగవాడికీ శిక్ష ఉంది. కానీ ఇద్దరు ఆడవాళ్లు ఉమ్మడి లాభానికి ఈ పనికి వాడుకునే ఇల్లు, గది, చివరికి వాహనమైనా సరే చట్టం దృష్టిలో వేశ్యాగృహమే. నడిపినవాళ్లకి మొదటిసారే ఏడాది నుంచి మూడేళ్ల దాకా జైలు. తెలిసి అద్దెకిచ్చిన ఇంటి ఓనరుకీ శిక్ష ఉంది. ఒంటరిగా ఉంటే ప్రమాదం, తోడుంటే నేరం. ఇలాంటి చట్టం ఆడవాళ్ల రక్షణకే రాశామంటారు, నాకైతే ఆ లెక్క ఎప్పుడూ అర్థం కాలేదు. అయినా ఉన్నది ఉన్నట్టు చూసుకోవాలి కాబట్టి, ఇల్లు పంచుకోకండి, సమాచారం పంచుకోండి. ఆమె తన ఇంట్లో, మీరు మీ ఇంట్లో. ఫోన్ దగ్గర కూర్చున్నందుకు ఆమెకి వాటా ఇవ్వడం, మీ డబ్బు ఆమె ఖాతాలోకి వేయించడం కూడా వద్దు. ఇంకొకరి ఈ సంపాదన మీద బతకడం నాలుగో సెక్షన్ కింద నేరం, ఎప్పుడూ మీతో కనపడే మనిషి మీద ఆ అనుమానం తేలిగ్గా పడుతుంది. డబ్బుకి బదులు, ఈరోజు ఆమె మీకు తోడు, రేపు మీరు ఆమెకి తోడు. అదే కారణంతో, మీ పాప పద్దెనిమిది నిండాక కూడా ఈ డబ్బు ఆమె ఖాతాలో ఎప్పుడూ వేయకండి.

పోలీసుల గురించి భయపడుతున్నారు కాబట్టి కొంచెం చెప్పాలి. వారెంటు లేకుండా ఈ చట్టం కింద సోదా చేయాలంటే ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని ప్రత్యేక అధికారి రావాలి, ఇద్దరు మహిళా పోలీసులు వెంట ఉండాలి, ఆ ప్రాంతంలోని పెద్దమనుషులు ఇద్దరిని సాక్షులుగా పిలవాలి, వాళ్లలో ఒకరైనా ఆడమనిషి అయ్యుండాలి. మఫ్టీలో ఇద్దరు మగవాళ్లు గదిలోకి వచ్చి ఫోన్ లాక్కుని డబ్బడిగితే అది సోదా కాదు. గుర్తింపు కార్డు అడగండి, ఏ స్టేషనో అడగండి, 112కి ఫోన్ చేసి కనుక్కుంటానని చెప్పండి. దొంగ పోలీసైతే అక్కడే తడబడతాడు.

2022 మే 19న బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో సుప్రీంకోర్టు కొన్ని ఆదేశాలిచ్చింది. ఆ కేసు కోల్‌కతాలో ఒక సెక్స్ వర్కర్ హత్యతో మొదలైంది. పోలీసులు మిమ్మల్ని గౌరవంగా చూడాలి, తిట్టకూడదు, కొట్టకూడదు. లైంగిక దాడి జరిగితే మిగతా ఏ మహిళకైనా అందే వైద్యం, సాయం మీకూ అందాలి. మీ దగ్గర కండోమ్‌లు దొరికాయని దాన్ని నేరానికి సాక్ష్యంగా చూపకూడదు. ఫొటోలు, పేర్లు బయటపెట్టకూడదు. ‘వ్యభిచార ముఠా గుట్టురట్టు’ అని ముఖానికి చున్నీ కప్పుకున్న ఆడవాళ్ల ఫొటో వేసే మన పేపర్లు ఈ చివరిది ఒకసారి చదివితే బాగుండు. సోదాలో దొరికిన సెక్స్ వర్కర్లను అరెస్టు చేయకూడదని కూడా కోర్టు వేసిన కమిటీ సిఫార్సు చేసింది కానీ, దానికి కేంద్రం అభ్యంతరం చెప్పింది. కాబట్టి అరెస్టు చేయరని మీకు ఎవరైనా ధీమాగా చెబితే పూర్తిగా నమ్మకండి, లాయరు నంబరు కంఠతా పెట్టుకోండి.

ఆరోజు మీరు తోసుకుని బయటపడ్డారు కాబట్టి సరిపోయింది. పడలేకపోయి ఉంటే ఏం చేయాలో కూడా తెలుసుకుని ఉండండి. డబ్బు తీసుకోవడానికి ఒప్పుకున్నారని ఏది చేసినా చెల్లిపోదు. ఒకరికి ఒప్పుకుంటే ముగ్గురికి ఒప్పుకున్నట్టు కాదు. ఇష్టం లేకుండా చేస్తే మీ వృత్తి ఏదైనా అది అత్యాచారమే. ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, అక్కడ జరగలేదని వెనక్కి పంపకూడదు. ప్రభుత్వ ఆసుపత్రైనా, ప్రైవేటు ఆసుపత్రైనా ముందు ఉచితంగా వైద్యం చేయాలి, చేయకపోతే ఆసుపత్రి మీదే కేసవుతుంది. స్నానం చేయకుండా, బట్టలు ఉతక్కుండా వెళ్లగలిగితే సాక్ష్యం నిలుస్తుంది. చేసేశారనుకోండి, అయినా వెళ్లండి.

దాడి జరిగినా, ఊరికే కండోమ్ చిరిగినా, హెచ్‌ఐవీ రాకుండా మందులున్నాయి. 72 గంటల లోపు మొదలుపెట్టాలి, మొదటి కొన్ని గంటల్లోనే అయితే ఇంకా మంచిది, 28 రోజులు ఆపకుండా వేసుకోవాలి. గుంటూరు పెద్దాసుపత్రిలోనూ విజయవాడ ప్రభుత్వాసుపత్రిలోనూ హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రాలున్నాయి, రాత్రిపూట అయితే క్యాజువాలిటీకే వెళ్లి అడగండి. గర్భం రాకుండా వేసుకునే అత్యవసర మాత్ర కూడా 72 గంటల లోపే, ఎంత త్వరగా వేసుకుంటే అంత బాగా పనిచేస్తుంది, మందుల షాపులో దొరుకుతుంది. డాక్టరు ఎలా జరిగిందని అడిగితే, కండోమ్ చిరిగింది, అవతలి మనిషి గురించి నాకు తెలియదు, అని చెబితే మందు ఇవ్వడానికి అది చాలు. మిగతా కథ చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం.